కొండమాటల కోశము

పర్లాకిమిడి పట్టణము మహేంద్రతనయ యను ఏటి యొడ్డున, తూర్పు కనుమల అడుగున నున్నది. నేడది ఒడిశా రాష్ట్రములోనిది. 1936కు పూర్వము మద్రాసు రాజధానిలోని గంజాము జిల్లాకు చేరియుండెను. ఆ దినములలో సంతనాడు వచ్చినచో చుట్టుపట్ల కొండలనుండి సవరలు పట్టణమునకు దిగివచ్చెడివారు. కొండలో పండినదియు, అడవిలో దొరికినదియు కావళ్లతోను తలమూటలతోను మోసికొని వచ్చి, వానిని అమ్మి, ఉప్పును గుడ్డలును కొనుక్కొని, ప్రొద్దు గ్రుంకక మునుపే మరల కొండదారి పట్టెడివారు.

సంతలో అమ్మువాడు సవర. కొనువాడు తెలుగువాడో ఒడియావాడో. ఒకరి మాట ఒకరికి తెలియదు. అందుచే రెండు భాషలును కొంత కొంత వచ్చినవాడొకడు నడుమ నిలువవలసి వచ్చెడిది. సవర యేమి చెప్పెనో, నడిమివాడేమి చెప్పెనో, రెండును ఒకటియే యని రూఢిగా చెప్పగలవారు లేరు. నడిమివాడు ధర్మాత్ముడైన సరి. కానినాడు తూకములోనే కాక మాటలోను కోత పడును. సంతలో పోయినది గుప్పెడు పసుపైనచో ఆ నష్టము అంతటితో తీరును. కాని కచేరీలోను, ఠాణాలోను, భూమి తగవులలోను గూడ సవర ఇట్లే పరుల నోటితో మాటలాడవలసి యుండెను. అతని సాక్ష్యము అతని మాటగా వ్రాయబడదు. అతనికి విధించిన శిక్షకు కారణము అతని చెవికి చేరదు.

ఈ మనుష్యులను దినదినమును చూచుచు వచ్చినవారిలో ఒక బడిపంతులు ఉండెను. ఆయన గిడుగు వెంకట రామమూర్తి. 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగ క్షేత్రమునకు చేరువనున్న పర్వతాలపేటలో ఆయన జన్మించెను. పండ్రెండేండ్ల ప్రాయమున తండ్రి గతించెను. విజయనగరమున చదివి, 1879లో మెట్రిక్యులేషను పరీక్షలో నెగ్గెను. గురజాడ అప్పారావు అచ్చట ఆయనకు సహాధ్యాయి. మరుసటి యేడు, అనగా 1880లో, పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరెను. చరిత్ర బోధించుట ఆయన పని. ముఖలింగములోని ఆలయముల గోడలపై నున్న శాసనములను చదువవలెనను కోరిక కలిగి, పాత లిపిని తానే యొక్కొక్క యక్షరముగా పోల్చుకొనుచు సాధించెను.

రాతిమీది యక్షరమునకు ఒక సుగుణము కలదు. అది చదువరికై కాచుకొని యుండును. నేడు తెలియకున్నచో రేపు మరల పోయి చూడవచ్చును. వేసవి సెలవులలో పోయి చూడవచ్చును. నోటిమాట అట్టిది కాదు. పలికిన క్షణముననే గాలిలో కలసిపోవును. రామమూర్తి తరువాత పూనుకొన్న పని ఇట్టి మాటలను పట్టుట.

సవరలు తెలుగువారికి క్రొత్తవారు కారు. ఐతరేయ బ్రాహ్మణమున ఆంధ్రులును శబరులును ఒకేచోట పేర్కొనబడిరి. ఆ శబరులే ఈ సవరలని పండితుల తలంపు. రామునికి పండ్లిచ్చిన శబరి కథ తెలియని తెలుగు ఇల్లు లేదు. ఇన్ని శతాబ్దముల ఇరుగుపొరుగు ఉండియు, ఆ పొరుగువారు నీటిని ఏమందురని మైదానములో అడిగినచో చెప్పగలవారు అరుదుగా నుండిరి. పొరుగువాని మాట నేర్చుకొనవలసిన అవసరము బలవంతునికి తోచదు. ఆ బరువు ఎప్పుడును బలహీనునిపైననే పడును. సవర పిల్లవాడు బడికి రావలెనన్నచో ముందుగా తెలుగో ఒడియాయో నేర్చి రావలెను. నేర్చుటకు బడి లేదు. బడికి పోవుటకు భాష లేదు. ఈ చిక్కును విప్పుటకు పంతులు ముందుగా తానే సవర నేర్వవలెనని రామమూర్తి నిశ్చయించుకొనెను.

నేడు ఇంగ్లీషు నేర్చు విద్యార్థికి వాచకము కలదు, నిఘంటువు కలదు, గురువు కలడు. తెలియని మాట తగిలినచో అక్షరక్రమమున పుటలు త్రిప్పిన చాలును. ఆనాడు రామమూర్తికి అట్టి సాధనము ఒక్కటియు లేదు. సవరభాషకు లిపియే లేదు. గురువులు వేలమంది కలరు గాని, వారిలో ఒక్కడును తాను గురువునని యెరుగడు. తెలుగును సవరయు రెండును వచ్చిన ఒకనిని రామమూర్తి తన యింటనే పెట్టుకొని నేర్వసాగెను. కొండమాట నేర్చుటకై చదువుకొన్న పంతులు శిష్యుడై కూర్చుండుట ఆ కాలమున చిన్న విషయము కాదు. పగలు బడిలో ఇతరుల తప్పులు దిద్దువాడు, ఇంటికి వచ్చి తన తప్పులు దిద్దించుకొనవలెను.

మాటలు తెలియని భాషలో మాటలు సంపాదించుట యెట్లు? వ్రేలు చూపి “ఇదేమి?” అని యడుగుట మొదట తోచు ఉపాయము. కాని ఒక చెట్టును చూపినచో ఎదుటివాడు చెట్టు అని చెప్పవచ్చును, ఆ జాతి పేరు చెప్పవచ్చును, ఆకు అనవచ్చును, పచ్చన అనవచ్చును, చూపిన వ్రేలి పేరే చెప్పినను చెప్పవచ్చును. అడిగినవాడు ఈ యన్నిటికిని ‘చెట్టు’ అనియే అర్థము వ్రాసికొని మురియును. కాబట్టి ఒక మాట ఒక్కసారి విన్నంతనే వచ్చినట్లు కాదు. ఇంకొక చెట్టు కడ, ఇంకొక మనిషిని, ఇంకొకనాడు అడుగవలెను. తరువాత ఆ మాటను తాను వాడి చూడవలెను. ఎదుటివాడు నవ్వినచో తప్పు. ఆగి ఆలోచించి బదులు చెప్పినచో కొంత ఒప్పు. మాటను గమనింపకయే విషయమునకు బదులు చెప్పినచో పూర్తిగా ఒప్పు.

నీరు, చేయి, నిప్పు మొదలైనవి ఇట్లు దొరకును. అప్పు, సిగ్గు, నమ్మకము అనువానిని ఏ వ్రేలు చూపగలదు? అట్టి మాటలు కథలలోను, పాటలలోను, కలహములలోను పుట్టినచోటనే పట్టవలెను. అందుచేతనే రామమూర్తి సవరల కథలను, పాటలను చెప్పించుకొని వ్రాసెను. కథ చెప్పువాడు మాటకు అర్థము చెప్పుటకు ఆగడు. కాని అదే మాట కథలో నాలుగుచోట్ల వచ్చినచో, నాలుగవచోట అర్థము తనంత తానే వెలువడును. నిఘంటువులో చూచి నేర్చిన మాటకంటె ఇట్లు పొంచియుండి పట్టిన మాట గట్టిగా నిలుచుట ఏ భాష నేర్చువారికైనను అనుభవమున తెలిసినదే.

వినిన మాటను వ్రాయుటలో మరియొక చిక్కు వచ్చెను. తెలుగు లిపిలో లేని ధ్వనులు సవరలో కలవు. వానిలో ఒకటి గొంతులో ఊపిరి తటాలున ఆగి మరల విడువబడుట. తెలుగువారును దీనిని ఎరుగనివారు కారు. నోరు విప్పకయే ‘కాదు’ అను అర్థమున ‘ఉఁ ఉఁ’ అని మూలుగునప్పుడు రెంటి నడుమ గొంతు ఒక్క క్షణము మూతపడును. ఆ మూతకు తెలుగులో అక్షరము లేదు, ఏలయన అది మన మాటలలో భాగము కాదు. సవరలో భాగము. నీటికి సవర మాట ‘ద’అ’, చేతికి ‘సి’ఇ’. రెంటను మధ్య నున్న గుర్తు ఆ గొంతు మూతయే. దానిని వదలి ‘దా’ అని సాగదీసినచో కొండవానికి అది తన మాటగా తోపదు. క్రొత్తగా నేర్చువాని చెవి తనకు అలవాటు లేని ధ్వనిని విన్నను విననట్లే యుండును. తన భాషలోని దగ్గరి ధ్వనిని దాని స్థానమున నిలిపి తృప్తిపడును. చెవికి ఈ అలవాటు మాన్పించుట మాటలు నేర్చుటకంటె ఎక్కువ కాలము పట్టును.

లెక్క సంగతి ఇంకను వింత. తెలుగువారి లెక్క పదులతో నడుచును. సవరలో ఒకటి మొదలు పండ్రెండువరకు వేర్వేరు పేర్లు కలవు. పండ్రెండు ‘మిగ్గల్’. అచ్చటనుండి పదమూడనగా పండ్రెండు–ఒకటి. ఏడు ‘గుల్జి’, కావున పందొమ్మిది ‘మిగ్గల్–గుల్జి’, అనగా పండ్రెండు–ఏడు. ఇరువది వచ్చినంతనే దారి మారి ఇరువదుల లెక్క మొదలగును. ముప్పదిరెండనగా ఇరువది–పండ్రెండు; ముప్పదిమూడనగా ఇరువది–పండ్రెండు–ఒకటి; నలుబది వచ్చునప్పటికి రెండిరువదులు. దీనిని చూచి నవ్వవలసిన పని లేదు. తెలుగు పల్లెలలో పెద్దలు నాలుగేసి చొప్పున పుంజీలుగా లెక్కించుట కలదు. పట్టణములలో అరటిపండ్లు డజనులలెక్కను అమ్ముదురు. కాని సంతలో, పండ్రెండుతో లెక్కించు సవర ఒకవైపునను, పదులతో లెక్కించు వర్తకుడు ఒకవైపునను నిలిచినప్పుడు, లెక్క తప్పినచో నష్టపోవువాడెవడో ఊహించుట కష్టము కాదు. పంతులు నేర్చిన ఈ పండ్రెండు మాటలును వట్టి పండ్రెండు మాటలు కావు.

పేర్లు కొన్ని వచ్చి, లెక్క వచ్చి, వాక్యములకు దిగినప్పుడు అసలు ఆశ్చర్యము ఎదురయ్యెను. నిన్న నేర్చిన మాట నేడు వాక్యములో కనబడదు! పులికి సవర మాట ‘కినా’. దీనిని చక్కగా వల్లించినవాడు, ‘పులి నిన్ను పట్టును’ అను వాక్యమున ‘కినా’ కొరకు వెదకును. సవర పలుకునది ‘ఞమ్‌కిద్‌తమ్’ అను ఒక్క మాట. ‘ఞమ్’ అనగా పట్టుట. చివర నున్న ‘అమ్’ అనగా నిన్ను. ఆ రెంటి నడుమ ‘కినా’ కుదించుకొని ‘కిద్’ అయి క్రియ కడుపులో దాగియున్నది. సవరలో అనేక నామములకు ఇట్లు విడిగా నున్నప్పుడు ఒక రూపమును, క్రియలో చేరినప్పుడు పొట్టిదైన మరియొక రూపమును కలవు. తెలుగులోను దీనికి కొంత పోలిక లేకపోలేదు. ‘చేయి’ అను మాట చేదోడు, చేవ్రాలు అనుచోట్ల ‘చే’ యగును. ‘వెన్ను’ వెన్నెముకలో కలసిపోవును. కాని మనకవి కొన్ని సమాసములు. సవరకు అది నిత్యపు వాక్యనిర్మాణము. క్రియ చేయు కర్తయే ఇట్లు క్రియలోపల చేరుట లోకములోని భాషలలో మిక్కిలి అరుదని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. అడవి దారిని పోవువానిని హెచ్చరించు ఆ చిన్న మాటను వారు తమ గ్రంథములలో ఉదాహరింతురు.

ఇది తెలిసిన పిమ్మట నేర్చువాని పని రెట్టింపయ్యెను. ఒక నామమును వ్రాసికొన్నచో దాని పొట్టి రూపమును గూడ సంపాదింపవలెను. ఆ పొట్టి రూపము ఏయే క్రియలలో చేరునో వినవలెను. అప్పుడే ఆ మాట వచ్చినట్లు.

ఈ పని యెంత కాలము పట్టును? దినమునకు ఐదు క్రొత్త మాటలు చొప్పున నేర్చినచో ఏడాదికి 1,825 మాటలగును. అందు సగము మరచినను తొమ్మిదివందలకు పైగా మిగులును. ఈ లెక్క కాగితముమీద సులభముగనే యున్నది. చిక్కు ఐదు మాటలు నేర్చుటలో లేదు. నిన్నటి ఐదును మొన్నటి ఐదును నేడు మరల పలుకుటలో నున్నది. ఆరవనాడు క్రొత్తవి ఐదే యైనను పాతవి ఇరువదియైదు. రెండవ నెలలో పాత మాటలు క్రొత్తవానిని ముంచివేయును. చాలమంది పరభాష విడిచిపెట్టునది ఇచ్చటనే. మొదటి నెలలోని ఉత్సాహము రెండవ నెలలో బరువుగా మారును. రామమూర్తి విషయమున ఇది ఒక నెల రెండు నెలల మాట కాదు. ముప్పదియైదేండ్లకు పైబడిన శ్రమ యిది. ఉద్యోగము, సంసారము, ఇతర గ్రంథములు, వాదములు అన్నియు దీని నడుమనే నడచినవి.

మాటలకై ఆయన కొండలకును పోయెను. ఇంట కూర్చుండి నేర్చిన భాష ఒక మనిషి భాష. ఊరి భాష ఊరిలోనే యుండును. అడవిలోని త్రోవలు, మన్యపు నీరు, మన్యపు దోమలు మైదానమువారికి ప్రమాదకరములు. మలేరియా క్రిమిని దోమ కడుపులో రొనాల్డు రాసు సికింద్రాబాదున కనిపెట్టినది 1897లో. అంతవరకు కొండగాలియే జ్వరకారణమని జనుల నమ్మకము. తరువాతను చాలకాలము కొండలలో దోమనుండి తప్పించుకొను సాధనములు లేవు. రామమూర్తికి మన్యపు జ్వరము పట్టెను. దానికి మందు క్వినైను. అది జ్వరమును తగ్గించును గాని మోతాదు మించినచో చెవులను దెబ్బతీయును. ఆయన ప్రాణము దక్కెను, వినికిడి పోయెను. ఆ చెవుడు జీవితాంతము ఆయనను విడువలేదు.

ఇతరులకు చెవుడు ఒక బాధ. చెవిపైననే ఆధారపడి, లిపిలేని భాషనుండి ఒక్కొక్క ధ్వనిని ఏరుకొనువానికి అది యేమో చెప్పనక్కరలేదు. గొంతులో ఊపిరి ఒక్క క్షణము ఆగినదో లేదో తెలిసికొనవలసినవాడాయన. ఇచ్చట పని నిలిచిపోయినచో ఎవరును తప్పుపట్టియుండరు. కాని పని నిలువలేదు. అప్పటికి ఆయన వ్రాసియుంచినది కలదు. మనస్సులో నిలిచినది కలదు. అంతకంటె, ఏ ధ్వనికి నోరు ఎట్లు తిరుగునో, నాలుక ఎచ్చట తగులునో తెలిసికొన్న శాస్త్రజ్ఞానము కలదు. ఆయన కుమారుడు గిడుగు సీతాపతియు సవరభాషలో కృషి చేసెను.

నేర్చినది నేర్చినట్లుగా ఆయన దాచుకొనలేదు. సవరభాషలో వాచకములు, కథలు, పాటలు పుస్తకములుగా సిద్ధపరచెను. సొంత సొమ్ముతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతములిచ్చి, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించెను. తాను ఎన్నో యేండ్లు పడిన కష్టము తలక్రిందైనది గదా! పంతులు భాష నేర్చినందున, పిల్లవాడు భాష మార్చుకొనక బడిలో కూర్చుండగలిగెను. ప్రభుత్వము 1913లో ఆయనకొక బిరుదమును, 1934లో కైజర్-ఇ-హింద్ పతకమును ఇచ్చెను.

తెలుగు దేశమున రామమూర్తి పేరు వినినంతనే జనులకు స్ఫురించునది మరియొకటి: గ్రంథములలోని తెలుగు జనుల నోటి తెలుగునకు దగ్గర కావలెనని ఆయన జరిపిన వాదము. ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవముగా జరుపుట అందువలననే. ఈ వాదముతో సవర చదువునకు సంబంధము లేదని తలపరాదు. పుస్తకమే లేని భాషను ఏండ్ల తరబడి వినినవాడు, పుస్తకమున్నను లేకున్నను భాష నోటిలోనే యుండునని తన కంటితో చూచెను. పండితులతో వాదించునప్పుడు ఆయన బలము కొంత కొండనుండి వచ్చినదే.

1931లో మద్రాసు ప్రభుత్వమువారు రామమూర్తి ఇంగ్లీషులో వ్రాసిన సవరభాషా వ్యాకరణమును అచ్చువేసిరి. దాని పేరులోనే భాష పేరును ‘సోరా’ అని, రెండు అచ్చులును దీర్ఘములని తెలుపు ధ్వనిలిపి గుర్తులతో వ్రాసెను. పైదృష్టికి అది చిన్న గుర్తు. దానిని చదివినవాడు ఎన్నడు సవరను చూడకపోయినను ఆ పేరును సవరవలె పలుకగలడు. 1933లో ఇంగ్లీషు–సవర నిఘంటువును, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును వెలువడినవి. నిఘంటువును విప్పి చూచువానికి మాట, దాని పొట్టి రూపము, అర్థము వరుసగా కనబడును. ఒక్కొక్క వరుస వెనుక ఎన్ని అడుగులు, ఎన్ని నవ్వులు, ఎన్ని కొట్టివేతలు కలవో అచ్చులో కనబడదు.

ఆ గ్రంథములు వెలువడుటతో దూరదేశముల పండితులకు సవర తెలిసివచ్చెను. ముండా భాషలకును, బర్మా, కాంబోడియా దిక్కుల మాటలాడు మోన్–ఖ్మేర్ భాషలకును చుట్టరికము కలదని విల్హెల్మ్ ష్మిట్ అను జర్మను పండితుడు 1906లోనే నిరూపించియుండెను. సవర ముండా కుటుంబములోనిది. సవరలోని ‘ద’అ’ యే సంథాలీలో ‘దాక్’. ‘సి’ఇ’ యే అచ్చట ‘తీ’. పర్లాకిమిడి సంతలో ఉప్పు కొనుక్కొను మనిషి నోటిలో, తూర్పు సముద్రమునకు ఆవలి దేశములవరకు సాగిన ఒక పురాతన వంశపు మాట నిలిచియున్నదని అతనికిని తెలియదు, అతనితో బేరమాడు వర్తకునికిని తెలియదు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడెను. పర్లాకిమిడి అందు చేరుట రామమూర్తికి సమ్మతము కాలేదు. దానికి వ్యతిరేకముగా ఎంతయో పోరాడి, ఫలింపకపోగా, ఏబదియారేండ్లు నివసించిన ఊరు విడిచి రాజమహేంద్రవరము చేరెను. అప్పటికాయనకు డెబ్బదిరెండేండ్లు. సవర–ఇంగ్లీషు నిఘంటువు అచ్చై చేతికి వచ్చునప్పటికి ఆయన గోదావరి యొడ్డున నుండెను. ఆ మాటలు దొరికిన కొండలు కనుచూపునకు ఆవల నుండెను. అదే 1936లో సవరలలోనే మంగెయి గొమాంగో అనునతడు తమ భాషకు ప్రత్యేక లిపిని కల్పించెను. సొరంగ్ సొంపెంగ్ అను ఆ లిపి నేడు కంప్యూటరులలోను చేరినది. రామమూర్తి 1940 జనవరి 22న మరణించెను.

2000 తరువాతి దశాబ్దమున ఆంధ్రప్రదేశ ప్రభుత్వము కొన్ని గిరిజన గ్రామములలో తొలి తరగతుల పిల్లలకు వారి మాతృభాషలోనే చదువు చెప్పు ఏర్పాటు చేసెను. అందుకు ఎన్నుకొన్న ఎనిమిది భాషలలో సవర యొకటి. అందుకై సవర వాచకములు తెలుగు అక్షరములతో అచ్చయినవి. సీతంపేట మన్యమున బడిలో చేరిన సవర పిల్లవాడు మొదటిదినమున పలకమీద వ్రాసిన మాట తన యింటి మాటయే యయ్యెను.